ఖాళీ ఇళ్ల పొగ

ఒర్లియాన్‌విల్ సత్రం,
మార్చి 1894

అమ్మమ్మకు,

నీ మనవడు క్షేమం. నువ్వు నవ్వితే నవ్వు గానీ ఈ వారం నేను గొప్ప వర్తకుణ్ణి. మా కంపెనీ గాలిమర పంపుకు మొదటి బేరం కుదిరింది. గాలి తిప్పుతుంది, నీళ్లు వాటంతటవే పైకొస్తాయి, గాడిద అక్కర్లేదు అని ఈ షెలిఫ్ మైదానమంతా అరుచుకుంటూ తిరిగాను. "గాడిద అక్కర్లేదంటూనే ఒకటి వచ్చిందే!" అన్నవాళ్లే తప్ప కొన్నవాళ్లు లేరు. సెంట్ ఒదీల్ అనే వలస ఊళ్లో మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యలేదు.

బండి తోలే కద్దూర్ నన్ను గుట్ట మీదే దింపేశాడు. "ఇక నడిచి పో దొరా, నా కంచరగాడిద అక్కడికి రాదు" అన్నాడు. ఎందుకు రాదయ్యా అంటే, "ఆ ఊళ్లో పొగ ఎక్కువ, మనుషులు తక్కువ. దానికి ఆ లెక్క నచ్చదు" అన్నాడు.

లెక్క నాకూ వింతగానే కనబడింది. ఒకటే వీధి, రెండు వైపులా సున్నం వేసిన ఇళ్లు. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడ్చేస్తోంది. అయినా ప్రతి ఇంటి మీదా పొగ. ఊరిపెద్ద బోనిఫాస్ టోపీ తీసి చేతుల్లో నలుపుకుంటూ ఎదురొచ్చాడు. నా ఇత్తడి పెట్టె వంకా, కాగితాల వంకా చూసి, "తమరొస్తారని తెలుసండి. ఇంత తొందరగా వస్తారనుకోలేదు" అన్నాడు. మా కంపెనీ పేరు ఇంతదూరం పాకిందని మురిసిపోయాను.

తనే దగ్గరుండి ఇల్లిల్లూ తిప్పాడు. ప్రతి ఇంట్లోనూ బల్ల మీద పళ్లాలు, సూపు ఆవిర్లు కక్కుతూ. గోడవైపు తిరిగి మంచంలో ఒక మనిషి. "జ్వరమండి. బతికే ఉన్నాడండి" అంటాడు బోనిఫాస్. పక్కింట్లో మళ్లీ, "ఈవిడకీ జ్వరమేనండి. బతికే ఉందండి." రోగులు బతికున్నందుకు అంత గర్వపడే మనిషిని నేను చూడలేదు. గాలిమరతో పాటు నేనమ్మే జ్వరం మందు తెలుసుగా, ఒక్కో తలగడ పక్కన ఒక్కో సింహం బొమ్మ సీసా పెట్టుకుంటూ పోయాను. ఒక్కరూ బేరమాడలేదు. గాలిమర కాగితం మీద కూడా అందరి సంతకాలూ పడ్డాయి.

ఒకటే చిత్రం. ఒకింట్లో సూపు కలుపుతున్న ఆవిడ మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. ఆ తర్వాత మరో ఇంట్లో పొయ్యి వైపు తిరిగి గరిటె పట్టుకున్న ఆవిడకూ అక్కడే మచ్చ. ఇన్ని పొయ్యిలుంటే చేతులు కాలవూ మరి!

నీ వర్తకచక్రవర్తి
అనతోల్


బ్లీదా,
ఏప్రిల్ 1894

ఒరే అనతోల్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ గొప్పల కోసం, రెండోసారి నీ తెలివి కోసం. గొప్పలు దొరికాయి.

ముప్ఫై ఏళ్లు బడిలో హాజరు పిలిచినదాన్ని. వెనక బెంచీలో ఒక్కడే ముగ్గురి గొంతులతో "ఉన్నానండీ" అంటే తలెత్తకుండానే కనిపెట్టేదాన్ని. నువ్వు కళ్లారా చూసి కూడా కనిపెట్టలేదు. ఆ ఊళ్లో ఒక్క దండెం మీదైనా తడిబట్ట చూశావా? ఒక్క కుక్కయినా మొరిగిందా? జ్వరంతో పడుకున్నవాడికి, ఆ ఎండలో, అంత సూపు ఎవడు తాగాలని?

ఆ మచ్చలావిడ ఒకతే, నాయనా. నువ్వు ముందు గుమ్మంలోంచి దిగుతుంటే ఆవిడ పెరటి గుమ్మంలోంచి పరిగెత్తి పక్కింటి గరిటె పట్టుకుంది. మంచాల్లో ఉన్నవాళ్లూ అంతే.

సర్కారు సముద్రం దాటొచ్చిన వలసవాళ్లకు నేల ఊరికే ఇస్తుంది. పట్టా మాత్రం ఊరికే ఇవ్వదు. కాగితంలో పేరున్నవాడు ఐదేళ్లు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించి కాపురం ఉండాలి. మధ్యలో పోతే నేల వెనక్కి పోతుంది. ఇళ్లు మరీ ఖాళీ అయితే ఊరినే లెక్కలోంచి కొట్టేసి, మిగిలినవాళ్లనూ లేపేస్తారు. ఆ మైదానపు జ్వరానికి ఆ సంగతి తెలీదు, గడువు చూసుకోకుండా తీసుకుపోతుంది. అందుకని బతికినవాళ్లు చచ్చినవాళ్ల పొయ్యిలు కూడా వెలిగిస్తున్నారు. నిన్ను భూముల తనిఖీదారు అనుకున్నారురా. నువ్వు శవాల సంతకాలతో గాలిమర అమ్మావు. వాళ్లు శవాల పేరిట నీ దగ్గర మందు కొన్నారు. ఎవరు ఎవర్ని మోసం చేశారో తేల్చడానికి నాకు చదువు చాలలేదు.

వాళ్లను తిట్టబుద్ధి కావడం లేదు. వీళ్లకంటే ముందు ఆ నేల ఎవరిదో నీ కద్దూర్‌ను అడుగు, చెబుతాడు. వాళ్ల పేర్ల మీద మాత్రం ఎవరూ పొయ్యి వెలిగించడం లేదు.

ఆ ఊరికి మళ్లీ పోకు. యంత్రం పంపొద్దని కంపెనీకి రాయి.

నువ్వు పోయినసారి ఇక్కడ వదిలివెళ్లిన సింహం మందు ఒక చెంచా రుచి చూశాను. చవక సారాయిలో ఏదో చేదువేరు నానబెట్టారు. సింహానికి నిద్ర పట్టొచ్చు గానీ మనిషికి జ్వరం తగ్గదు. ఈ కట్టలో క్వినైను పొట్లాలున్నాయి. అమ్ముకోకు, మింగు.

అమ్మమ్మ


సెంట్ ఒదీల్,
మే 1894

అమ్మమ్మకు,

నువ్వన్నదంతా నిజం. అయినా వచ్చాను. యంత్రం అప్పటికే రైల్లో వచ్చేసింది, దాన్ని నిలబెట్టడం నా పని.

నేను తనిఖీదారును కాదని తెలిశాక బోనిఫాస్ నేలమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ఎక్కడో మధ్యలో అది ఏడుపైంది. తర్వాత నన్ను ద్రాక్షతోటలోకి తీసుకెళ్లి వరుసల మధ్య ఆగుతూ నడిచాడు. "ఇక్కడ మా వదిన. ఇక్కడ వడ్రంగి, పక్కనే వాడి పెళ్లాం. అక్కడ కాలు పెట్టకండి, అక్కడ పసిది." ఒక్కచోటా కర్రముక్క లేదు, పేరు లేదు. "పేరు రాస్తే పేరు పోతుందండి" అన్నాడు. వాళ్లందరి కిటికీల్లోనూ దీపాలు పెడుతున్నారు. వాళ్లందరూ నా దగ్గర మందు కొన్నారు.

మచ్చలావిడ పేరు ఫిలొమెన్. పొద్దున్నే లేచి, తన పొయ్యితో మొదలుపెట్టి వీధి చివరిదాకా వెలిగించుకుంటూ పోతుంది. భర్త సిల్వేర్ మొరెల్ కిందటి వేసవిలో పోయాడు. పట్టాకు ఇంకా ఒక కోత కావాలి.

నిన్న నా ముందు పళ్లెం పెట్టి, "నన్ను గుర్తుపట్టలేదా?" అంది.

లేదన్నాను.

"నేను గుర్తుపట్టాను. కిందటేడు సంతలో మా ఆయన చేతిలో సింహం సీసా పెట్టింది మీరే. క్వినైను పాతకాలపు చేదు, ఇది కొత్త కాలపు మందు అన్నారు. మీరు బాగా మాట్లాడతారు. ఆయన క్వినైను మానేశాడు."

నాకు గుర్తు రాలేదు, అమ్మమ్మా. ఆ మాట నేను ఎన్ని సంతల్లో ఎంతమందితో అన్నానో! అతని ముఖం కోసం ఎంత వెతికినా ఒక చెయ్యి మాత్రం కనబడుతోంది, సీసా అందుకుంటున్న చెయ్యి.

ఆవిడ తిట్టలేదు. "చల్లారిపోతుంది, కూర్చోండి" అంది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాను. నాలుగేళ్ల కూతురుంది, నెలీ. అది వచ్చి, "అమ్మా, అది నాన్న కుర్చీ" అంది. తల్లి దాన్ని కసరలేదు. తిరిగి చూడకుండానే, "తెలుసు" అంది.

గాలిమర స్తంభం లేచింది. రెక్కలు బిగించాలి. ఒంట్లో కొంచెం వెచ్చగా ఉంది, ఎండవల్ల కావచ్చు. నీ పొట్లాలు నెలీకి ఇచ్చేశాను, దానికి నాకంటే ఎక్కువ కాలుతోంది.

అనతోల్


బ్లీదా,
మే 1894

అనతోల్,

బండి దొరికితే బండెక్కు, లేకపోతే నడువు. గాలిమర రెక్కలు వాళ్లే బిగించుకుంటారు.

నువ్వు చేసింది తప్పు. దానికి నేను బెల్లం పూయను. ఒక మనిషి నీ మాట నమ్మి చచ్చిపోయాడు. ఆ తప్పుకు చెయ్యాల్సిన పని కూడా నాకు తెలుసు. ఏ ఏ సంతల్లో ఆ సీసా అమ్మావో అక్కడికల్లా తిరిగి వెళ్లి, అదే బల్ల ఎక్కి, "నేను అనతోల్ పెర్రాన్‌ని, నేను మీకు చెప్పింది అబద్ధం, క్వినైను మింగండి" అని అరవాలి. రాళ్లు వేస్తారు. వెయ్యనీ. అది నీ పేరుతో నువ్వు నిలబడి చేసేది.

చచ్చినవాడి కుర్చీలో కూర్చోవడం దానికంటే సుఖం. అందుకే భయంగా ఉంది నాకు. నీకు చిన్నప్పటినుంచీ కష్టమైన లెక్క ఇస్తే పలక ఇంకొకడికిచ్చే అలవాటు.

ఆ ఫిలొమెన్ మంచిదే అయ్యుండాలి. తిట్టేవాళ్లనుంచి పారిపోవచ్చు. చల్లారిపోతుంది కూర్చోమనేవాళ్లనుంచి పారిపోవడం కష్టం.

మళ్లీ పొట్లాలు పంపుతున్నాను. సగం పాపకు, సగం నీకు. ఇది మనవి కాదు.

అమ్మమ్మ


సెంట్ ఒదీల్,
జులై 1894

అమ్మమ్మకు,

ఆలస్యమైంది. జ్వరం వచ్చింది, పోయింది, వచ్చింది. వచ్చినప్పుడు పళ్లు కొట్టుకుంటాయి, పోయినప్పుడు అంతా తేటగా ఉంటుంది. ఇంత తేటగా నాకెప్పుడూ లేదు.

గాలిమర తిరుగుతోంది. మొదటి నీళ్లు ఎర్రగా వచ్చాయి. మట్టి అన్నాడు బోనిఫాస్. అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ పారబొయ్యలేదు.

నిజం తనిఖీదారు వచ్చాడు. నేను మంచంలో ఉన్నాను. నా చొక్కా చెమటతో తడిసిపోతే ఫిలొమెన్ వేరేది తొడిగింది. భుజాల దగ్గర అచ్చంగా సరిపోయింది. ఆయన గుమ్మంలో నిలబడి కాగితం చూసుకుంటూ, "సిల్వేర్ మొరెల్?" అన్నాడు. "ఉన్నానండీ" అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు, నేర్పలేదు, మోచేత్తో పొడవలేదు. ఫిలొమెన్ గరిటె జారవిడిచింది. ఆవిడా అనుకోలేదు. ఆయన టిక్కు పెట్టుకుని వెళ్లిపోయాడు, అంతే. అంత తేలిక.

కాస్త ఓపిక వచ్చాక తీగలకు బూజు పట్టకుండా గంధకం చల్లుతున్నాను. నేనెప్పుడూ ద్రాక్ష పనిచెయ్యలేదని నీకు తెలుసు. ఏ వరుసలో ఎక్కడ రాయి తగులుతుందో కాలికి ముందే తెలుస్తోంది. ఎక్కడ కాలు పెట్టకూడదో కూడా. ఒక చోట మాత్రం ప్రతిసారీ ఆగిపోతాను. అది సిల్వేర్‌ను పెట్టిన చోటట, బోనిఫాస్ తర్వాత చెప్పాడు.

నెలీ మొన్న నా ఒళ్లో నిద్రపోయింది. కుర్చీ గురించి ఇప్పుడేమీ అనడం లేదు.

కోతలైతే పట్టా వస్తుంది. ఉత్తరాల మీద ఆ పాత పేరు వెయ్యకు. టపా మనిషి చూస్తాడు. మొరెల్ ఇల్లు అని రాస్తే చాలు, నాకు చేరుతుంది.

అ.


బ్లీదా,
ఆగస్టు 1894

అనతోల్ పెర్రాన్‌కు,

కవరు మీద నీ పేరు గజం పొడవు అక్షరాలతో రాశాను. టపా మనిషి చూడాలనే రాశాను.

నీ ఉత్తరం చివర ఒంటి అక్షరం చూశాను. మిగతా పేరు ఎక్కడ పెట్టావు? జ్వరం నిన్ను మింగుతోందా, లేక ఆ ఇల్లు మింగుతోందా? జ్వరమైతే నాకు భయం లేదు, దానికి పొట్లం ఉంది.

ఇటు చూడు. ఆ తనిఖీదారు నా దగ్గర చదువుకున్నవాడే. గుణకారం వేళ్ల మీద చేసేవాడు. నేనొక ముక్క రాస్తే రేపే గుర్రం మీద వస్తాడు, ఇంటింటి దుప్పటీ లాగి చూస్తాడు. ఆ ముక్క రాశాను. దీపం కింద ఉంది. పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు జైలుకు పోతావు. ఫిలొమెన్ కూతుర్ని చంకనేసుకుని రోడ్డెక్కుతుంది. బోనిఫాస్ తోటలో ఉన్నవాళ్ల మీదుగా ఎవరో కొత్తవాడు నాగలి తోలుతాడు. పంపకపోతే ఏమవుతుందో అది కూడా కనబడుతోంది.

నాకు మూడు ముక్కలు రాయి. నీ తల్లి పేరు. నువ్వు పుట్టిన వీధి. నీ ఎడమ మోకాలి మీద మచ్చ ఎలా పడింది. నీ చేత్తో రాసి, కింద నీ పేరు పూర్తిగా పెట్టు. అవి వస్తే ఈ కాగితం చింపేస్తాను.

అమ్మమ్మ


సెంట్ ఒదీల్,
సెప్టెంబరు 1894

గౌరవనీయులైన మేడం గారికి,

తమకు పరిచయం లేనివాణ్ణి. దుఃఖవార్త తెలపవలసి వచ్చినందుకు మన్నించండి. మా ఊరికి గాలిమర యంత్రం అమ్మవచ్చిన మీ మనవడు అనతోల్ పెర్రాన్ గారు జ్వరంతో మా ఇంట్లో కాలం చేశారు. నా భార్య ఫిలొమెన్ చివరిదాకా సేవ చేసింది.

మీరు ఆయనకు రాసిన ఉత్తరం సమయానికే అందింది. చదివి వినిపించాం. తల్లి పేరేమిటని అడిగితే చాలాసేపు ఆలోచించారు. చెప్పలేకపోయారు. మోకాలి మచ్చను మాత్రం వేలితో తడుముతూ ఉండిపోయారు.

ఆయన గురించి మీరు చెడ్డగా తలచవద్దు. ఆయన మాకు మంచి యంత్రం ఇచ్చారు. నీళ్లు ఇప్పుడు తేరుకున్నాయి. ద్రాక్ష బాగా పండింది.

ఆయన్ను తోటలో, మంచి చోట పెట్టాం. తెల్ల రంగు పలక మీద పేరు రాయించాం. మా ఊళ్లో పేరు రాసిన సమాధి అదొక్కటే. తనిఖీదారు గారు కూడా ఈ మారు వచ్చినప్పుడు చూసి టోపీ తీశారు. ఒక్క చావూ లేని ఊరని ఆయనకు మా మీద అనుమానంగా ఉండేదట, ఇప్పుడు తీరిందన్నారు. మా అమ్మాయి రోజూ పూలు పెడుతోంది.

తమకు శాంతి కలుగుగాక.

సిల్వేర్ మొరెల్
రైతు


బ్లీదా,
అక్టోబరు 1894

శ్రీ సిల్వేర్ మొరెల్ గారికి,

తమ సంతాపలేఖ అందింది. చక్కటి దస్తూరి. ఆ దస్తూరి నేర్పడానికి నాకు రెండు శీతాకాలాలూ ఒక బెత్తమూ ఖర్చయ్యాయి కనక మెచ్చుకునే హక్కు నాకుంది.

నేను నల్లబట్టలు కట్టుకున్నాను. ఇరుగుపొరుగు వచ్చి ఏడ్చిపోయారు. రొట్టెలంగడి ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది. నన్ను చూసి, "అయ్యో, మీకు కన్నీళ్లు రావడం లేదేమిటండీ?" అంది. "ఎవరి కోసం రావాలో ఇంకా తేలలేదమ్మా" అన్నాను.

నా మనవడి పేరు కింద పడుకున్నది ఎవరో నాకు తెలుసు. పాపం, ఆయనకు ఏడాది తర్వాత పలక దొరికింది, అదీ ఇంకొకరి పేరుతో. ఆయన కూతురు రోజూ పూలు పెడుతోందని రాశారు, ఆ పూలు చేరాల్సినవాళ్లకే చేరుతున్నాయి. ఈ మొత్తం వ్యవహారంలో సరిగ్గా జరిగిన పని అదొక్కటే.

తనిఖీదారుకు రాసిన ముక్క పొయ్యిలో వేశాను. మంట చాలాసేపు చూశాను. ఒక ఊరిని నిద్రలోంచి లేపి వీధిలో నిలబెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. నా మనవణ్ణి అక్కడ వదిలేసి ఇక్కడ కూర్చుని సూపు తాగడానికి కూడా రాలేదు. కాబట్టి మూడో పని చేస్తున్నాను.

మీ ఊళ్లో మనుషులకు కరువని విన్నాను. ఎవరో ఒక ముసలమ్మ కూడా పోయే ఉంటుంది, మీ నీళ్లు అలాంటివి. ఆవిడ ఏ ఇంట్లో ఉండేదో, పేరేమిటో, ఏ కాలితో కుంటేదో బోనిఫాస్ గారిని అడిగి ఉంచండి. నాకు డెబ్బై దాటాయి. గోడవైపు తిరిగి పడుకోవడం వచ్చు. దగ్గడం ఇంకా బాగా వచ్చు. ఇల్లు అమ్మేశాను. పిల్లిని రొట్టెలంగడి ఆవిడకిచ్చాను. శనివారం రైలెక్కుతున్నాను. కద్దూర్‌ను బండితో స్టేషనుకు రమ్మని కబురు పెట్టాను. కంచరగాడిద గుట్ట దాటి రాకపోతే ఆ మిగతా దూరం నేనే నడుస్తాను.

తనిఖీదారు వచ్చిన రోజు ఆయన ఏ పేరు చదివితే ఆ పేరుకు పలుకుతాను. నిన్ను కూడా ఆయన చెప్పిన పేరుతోనే పిలుస్తాను, వీధిలో, బావి దగ్గర, ఫిలొమెన్ ఎదుట, పాప ఎదుట. పట్టా రానీ, పొయ్యిలన్నీ వెలగనీ. అందులో నేను వేలు పెట్టను.

సాయంత్రం తలుపు వేశాక మాత్రం, ఆ కుర్చీ ఎదురుగా కూర్చుని, నిన్ను నీ పేరుతో పిలుస్తాను. పలికేదాకా సూపు వడ్డించను. రేపు మళ్లీ పిలుస్తాను. ఎల్లుండీ పిలుస్తాను. నువ్వు పొద్దుటినుంచీ తోటలో పనిచేసి వస్తావు, నీకు ఆకలి ఎక్కువ. నేను ముసలిదాన్ని, నాకు ఆకలి తక్కువ.

నీ అమ్మమ్మ